ఇల్లాలి మేకు

ఆ పడవ మా షెడ్డుకి వచ్చిన నాటినుంచి మా ఆయన చొక్కాలు విడిగా ఉతకడం మొదలుపెట్టాను. ఫైబర్ అతికే రెజిన్ జిగురు వాసన పిల్ల గౌన్లకి పడుతుందని పైకి చెప్పాను. అది అబద్ధం కాదు. మా అమ్మడికి మూడేళ్ళు, గాలి మారితే చాలు దగ్గు పట్టుకుంటుంది. కానీ అసలు సంగతి వేరు. అదే వాసన సస్మిత చున్నీ నుంచి కూడా వచ్చేది. ఇద్దరి దగ్గరా ఒకటే వాసన. నా దగ్గర చేపల పులుసు వాసన.

మాది మార్కండి, బరంపురం దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. మా మావయ్య తవిటయ్య ఒకప్పుడు కర్ర పడవలు కట్టేవాడు. ఇప్పుడు కర్ర పడవ అడిగేవాళ్ళు లేరు. ఆయన కొడుకు, అంటే మా ఆయన ప్రకాష్, ఫైబర్ తెప్పలు బాగుచేస్తాడు. సరుగుడు తోట పక్కన రేకుల షెడ్డు మాది. ఊరి తెప్పలు అడుగు గీసుకుపోయి వస్తాయి, ఈయన అతుకు వేసి పంపుతాడు. అంతే మా పని.

ఈ పడవ మాత్రం ఊరిది కాదు. బరంపురం శివరామ్ బాబుది. ఆయన గోపాల్‌పూర్ వైపు ఉప్పుటేరులో టూరిస్టులకి నీళ్ళ ఆటలు పెడతాడు. కాళ్ళకి పలకలు తగిలించుకుని తాడు పట్టుకుంటే, ముందర ఈ పడవ లాక్కుపోతుంది, మనిషి నీళ్ళ మీద నిలబడే పోతాడు. స్కీ బోటు అంటారు. ముప్పై అయిదేళ్ళ నాటిది. ఎక్కడో మూతపడిన క్లబ్బులో కొన్నాడట. ఎర్రటి రంగు, అందులో మెరుపు పొడి, ఎండ పడితే గాజుల దుకాణంలా ఉండేది.

"ఇంజిను జోరు పెంచితే పడవంతా వణుకుతోంది ప్రకాష్. ఇది బాగైతే ఇంకా రెండున్నాయి, అవీ నీకే. లేకపోతే మూడూ విశాఖపట్నం పంపేస్తా" అన్నాడు శివరామ్ బాబు.

బయటి పడవ మా షెడ్డుకి రావడం అదే మొదలు. ఆ రోజు ఈయన అన్నం ముందర కూర్చుని కలిపిన ముద్ద కలిపినట్టే ఉంచి, "అరుణా, ఇది బాగా సేసినాననుకో, నన్ను తెప్పలోడు అనరు. బోటు మేస్త్రీ అంటారు" అన్నాడు. నాకు సంతోషం వేసింది. మర్నాడు సస్మిత వచ్చింది.

సస్మితది ఛత్రపురం. ఒరియా పిల్ల. ఫైబర్ పనిలో పెద్ద ట్రైనింగు అయింది. రెండేళ్ళ కిందట ఈయన పదిహేను రోజులు భువనేశ్వర్‌లో ఆ పని నేర్చుకోడానికి వెళ్తే అక్కడ ఈమే చూపించిందట. స్కూటీ మీద వచ్చింది, జుట్టు గట్టిగా ముడేసుకుని, చెవిలో పెన్సిలు పెట్టుకుని. నన్ను చూసి "నమస్కార్ భావుజ" అంది. ఒరియాలో వదినని భావుజ అంటారు. ఈయన్ని భాయినా అంటుంది, అన్నయ్యా అని. అన్నయ్యా అంటే కడుపులో మంట చల్లారిపోతుందా? నాకు చల్లారలేదు.

ఆమె మాటలు సగం ఒరియా, సగం తెలుగు. నాకు రెండూ వచ్చు. నేను ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

వాళ్ళ మధ్య ఏదో ఉందని నేను అనుకోలేదు. అంత మాట అనను. నా బాధ ఇంకోటి. ఆమె ఒక కాగితం మీద గీతలు గీసి కొలతలు రాస్తే, ఈయన ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చుకుని తింటూ చూసేవాడు. నేను కూడా ఎనిమిది దాకా చదివాను. లెక్కల్లో నాకే ఎక్కువ మార్కులు వచ్చేవి. మా అమ్మకి ఒంట్లో బాగోక నన్ను రొయ్యలు ఒలిచే పనిలో పెట్టారు, అక్కడితో సరి. అయిదేళ్ళ కాపురంలో ఈయన నాకు ఒక్క కాగితం చూపించలేదు. బియ్యం ఉన్నాయా, పిల్ల తిందా, ఇవే మా మాటలు.

మొదటి రోజే సస్మిత అమ్మడిని నునీ అని, అంటే పాపా అని, పిలిచి చేతిలో రూపాయి నాణెం పెట్టింది.

"పడవని కొట్టి చూడు నునీ. టంగుమంటే బతికున్నట్టు. మొద్దుగా పలికితే చచ్చినట్టు."

అమ్మడు పడవ లోపల కూర్చుని కొట్టడం మొదలుపెట్టింది. "ఇది బతికింది. ఇది సచ్చింది. ఇది సచ్చింది. అమ్మా, ఇదీ సచ్చింది!"

అందరూ నవ్వారు. కొబ్బరికాయ కొట్టి నీళ్ళున్నాయో లేదో చెప్పడం, కుండ కొట్టి బీట పట్టుకోవడం నాకు పుట్టినప్పటినుంచి తెలుసు. నా కూతురికి ఆ విద్య నేను నేర్పలేదు. నిన్నగాక మొన్న వచ్చినామె నేర్పింది.

"రెజిన్ వాసన గుంటకి పడదు" అని అమ్మడిని ఎత్తుకుని ఇంటికి వచ్చేశాను. ఆ రోజు ఇంకా రెజిన్ డబ్బా మూత కూడా తీయలేదు.

పడవ అడుగున పరిచిన పలకని గ్రైండరుతో కోసి ఎత్తితే, కింద దూలాలు బయటపడ్డాయి. పడవ పొడుగునా రెండు లావు దూలాలు, ఇంజిను వాటి మీదే బిగించి ఉంది. పైకి చూస్తే ఫైబరే. సస్మిత స్క్రూడ్రైవరుతో గీరితే పైపొర చిట్లి, లోపలినుంచి నల్లటి నీళ్ళు కారాయి. చెయ్యి పెట్టి ఇంత ముద్ద తీసింది. కర్రే, కానీ నానిన తవుడులా ఉంది. పులిసిన వాసన.

మావయ్య బీడీ పారేసి దగ్గరకి వచ్చాడు. "ఇదేట్రా ప్రకాష్? ఫైబర్ పడవన్నావు. లోన కర్రుందేటి?"

"ఆ కాలం స్కీ బోట్లన్నీ ఇంతే తాతా. చర్మం ఫైబరు, ఎముకలు కర్ర" అంది సస్మిత.

"అదీ మాట!" అని తొడ మీద కొట్టుకున్నాడాయన. "కర్ర నేకుండా ఏ పడవా నిలబడదని నాను మొత్తుకుంటే, ముసిలోడని నవ్వినారు."

"నిలబెట్టింది కర్రే, కూలబెట్టిందీ కర్రే" అంది ఆమె.

"ఓలమ్మో, ఈ గుంట నోరు సూడు! మా ఈశ్వరమ్మ ఉండుంటే నీకు జోడీ దొరికీది."

ఈశ్వరమ్మ మా అత్త. రెండేళ్ళయింది పోయి. ఆమె మాట వస్తే మావయ్య నవ్వుతూనే సముద్రం వైపు తిరుగుతాడు.

ఆ తరవాత మూడు రోజులు అదే వాదన. కుళ్ళిన దూలాలు తీసేసి మళ్ళీ కర్ర వేయాలా, మొత్తం ఫైబరు వేయాలా? సస్మిత ఫైబరే అంది. ఇప్పటి కొత్త బోట్లలో కర్ర ముక్క కూడా ఉండదట, లోపల స్పాంజిలాంటి గట్టి నురగ పెట్టి పైన మ్యాట్, అంటే గాజునారు గుడ్డ, పొరలు పొరలుగా పరుస్తారట, కుళ్ళడానికి ఏమీ ఉండదట.

"ఇంజిను బోల్టు దేన్ని కరుసుకుంటాది? నీ నురగనా?" అన్నాడు మావయ్య. "పళ్ళు నేనోడికి సెరుకుగెడ ఇచ్చినట్టుంటాది. టేకు ఎయ్యండి, మీ మనవలు సూస్తారు."

"టేకులో నూనె ఉంటుంది తాతా. రెజిన్ దానికి అతుక్కోదు. ఒలిచిన అరటి తొక్కలా ఊడి వస్తుంది."

ఈయన ఇద్దరి మధ్యా నిలబడి తల గోక్కునేవాడు. నేను టీ గ్లాసులు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడేదాన్ని. నన్నెవరూ అడగలేదు. అడిగితే కర్ర అనేదాన్ని. కర్ర గురించి నాకేం తెలుసని కాదు. సస్మిత వద్దంది కాబట్టి.

చివరికి కర్రే గెలిచింది. పడవ ముందర ఎలా కట్టారో అలాగే కడితే బరువు మారదని, ఇంజిను బోల్టులకి పట్టు ఉంటుందని ఈయన అన్నాడు. నూనె లేని, ముడులు లేని పైన్ కర్ర బాగా ఎండింది తెచ్చి, చుట్టూ ఫైబర్ పరచాలని తేలింది. సస్మిత మొహం చిన్నబుచ్చుకుంటుందని చూశాను. చిన్నబుచ్చుకోలేదు. కాగితం తిరగేసి కొత్త కొలతలు రాసుకుంది. "సరే భాయినా. కానీ ఒక్క మాట. ఈ కర్రలో మూయని కన్నం ఒక్కటి కూడా ఉండకూడదు" అంది. ఆ మాట నేను విన్నాను గాని చెవిన పెట్టలేదు. కర్ర గెలిచిందన్న సంతోషంలో ఉన్నాను.

నా సంతోషానికి ఇంకో కారణం కూడా ఉంది. అది చెప్పాలంటే మేకు సంగతి చెప్పాలి.

మా మావయ్య ఇంట్లో ఒక ఆనవాయితీ. పడవకి అడుగు దూలం పెట్టాక, పైన పలకలు మూయక ముందే, కట్టే మేస్త్రీ భార్య వచ్చి దూలానికి ఒక రాగి మేకు కొట్టాలి. మేకుకి పసుపు దారం చుట్టాలి. ఇల్లాలి మేకు అంటారు. అది ఉంటే పడవ ఇంటి దారి మరిచిపోదని నమ్మకం. మా అత్త కొట్టిన మేకులు పదమూడు పడవల్లో ఉండేవి. పోయే ముందు నన్ను పిలిచి బిస్కట్ల డబ్బా ఒకటి నా ఒళ్ళో పెట్టింది. అందులో ఏడు రాగి మేకులు. "ఇయి నీయే. నా పేరు నిలబెట్టు" అంది.

ఆ ఏడూ అలాగే ఉండిపోయాయి. ఫైబర్ తెప్పలో మేకేటే అని ఈయన నవ్వేవాడు. నిజమే, ఎక్కడ కొట్టను? ఇప్పుడు మా షెడ్డులో కర్ర దూలం పడింది. మొదటిసారి.

దూలాల మీద ఆఖరి పొర ఆరాక నేను అడిగాను. "ఏమయ్యా, మేకు కొడతాను. అత్త మాటుంది."

ఈయన మ్యాట్ కత్తిరిస్తున్నాడు. తలెత్తలేదు. "ఉండే. సస్మితనడగాల" అన్నాడు.

అత్త నా ఒళ్ళో పెట్టిన మేకు నేను కొట్టడానికి సస్మితని అడగాలా? ఆయన ఆమెని అడిగాడో లేదో కూడా నాకు తెలియదు. మర్చిపోయే ఉంటాడు.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ రెజిన్ తేవడానికి బరంపురం వెళ్ళారు, ఆమె స్కూటీ మీదే. నేను కుళాయి దగ్గర బిందె పెట్టుకుని ఉంటే, పక్కింటి కాసులు చూడనే చూసింది.

"మీ ఆయన స్కూటీ ఎనకాల కూకుని ఎల్లిపోనాడే. ఎల్మెట్టు కూడా ఎట్టుకున్నాడు. నీతో సైకిలెక్కమంటే మోకాలు నొప్పంటాడు కదా?"

"పని మీద ఎల్నాడు" అన్నాను.

"నానేటన్నాను? పని మీదే. ఆడోళ్ళు బండి తోలితే మగోళ్ళకి నడుంనొప్పి రాదట, అదే సూసినాను."

బిందె సగం నిండకుండానే ఎత్తుకుని వచ్చేశాను. మావయ్య అరుగు మీద నిద్రపోతున్నాడు. అమ్మడు ఆయన పక్కన. అరటి ఆకంత నీడ పిల్ల మొహం మీద పడి ఉంది, ఊపిరి సరిగా తీస్తోందో లేదో వంగి చూశాను. తీస్తోంది. బిస్కట్ల డబ్బా తెరిచి ఒక మేకు తీశాను. పసుపు తడిపి దారం చుట్టాను. మావయ్య సుత్తి పట్టుకుని షెడ్డులోకి వెళ్ళాను.

పడవ ముందు భాగంలో, దూలం లోపలి వైపు, కాస్త చీకటిగా ఉన్న చోట మోకాళ్ళ మీద కూర్చున్నాను. కర్ర అనుకున్నాను గాని పైన ఫైబర్ పొర ఉంది కదా. మొదటి దెబ్బకి మేకు జారింది. రెండో దెబ్బకి దిగింది, మూడో దెబ్బకి వంగిపోయింది. చుట్టూ చిన్న చిన్న బీటలు, చుక్క ముగ్గులా. పటకారుతో పీకేశాను. కన్నంలో తడి పసుపు కూరి, వేలితో నున్నగా రాశాను. రెజిన్ ఆరితే పసుపు రంగే. కనపడలేదు.

అక్కడితో ఆపొచ్చు. ఆపలేదు. ఇంకో మేకు తెచ్చి, జానెడు అవతల, ఈసారి చిన్నగా చిన్నగా కొట్టాను. నేరుగా దిగింది. తల మాత్రం పైకి ఉంది, దారం చుట్టుకుని. దాని మీద అరచెయ్యి పెట్టి కాసేపు కూర్చున్నాను. ఆమె ఎన్ని కాగితాలైనా రాసుకోనీ, ఈ పడవలో నాది ఒకటి ఉంది అనుకున్నాను. ఆ పూట హాయిగా అన్నం తిన్నాను.

సాయంత్రం వాళ్ళు వచ్చారు. రెజిన్ డబ్బాలతో పాటు సస్మితకి ఒక కొత్త మాస్కు. రెండు పక్కలా గుండ్రటి డబ్బాలుంటాయే, అలాంటిది. "ఆమె పాతది చినిగిపోనాది" అన్నాడు ఈయన, నేను అడగకుండానే.

మర్నాడు ఉదయం పడవ అడుగు మూసే రోజు. పలక కోసి, రెండు వైపులా ఫైబర్ పూసి సిద్ధంగా పెట్టారు. దూలాల మీద చిక్కటి రెజిన్ ముద్ద రాసి, పలక పరిచి, బరువు పెడితే ఇక ఆ అడుగు ఎవరూ తెరవరు. మంచు తడి ఆరేదాకా సస్మిత ఇంజిను బోల్టుల కన్నాలు చూసుకుంటోంది. పెద్ద కన్నం తొలిచి, దాన్ని రెజిన్‌తో నింపి, అది గట్టిపడ్డాక దాని మధ్యలో మళ్ళీ చిన్న కన్నం తొలుస్తోంది.

"ఒకే కన్నం రెండుసార్లు తవ్వుతావేటమ్మా? పనేటీ నేదా?" అన్నాడు మావయ్య.

సస్మిత మూలనున్న పాత దూలం ముక్క తెచ్చింది. అడ్డంగా కోసి ఉంది. "ఇదిగో తాతా, చూడు. ఈ స్క్రూ ఎవరో తివాచీ బిగించడానికి కొట్టారు. ఇంత చిన్నది."

అగ్గిపుల్ల దూరేంత కన్నం. దాని చుట్టూ కర్ర నల్లగా, అటు ఒక మూర, ఇటు ఒక మూర.

"ఇదంతా ఒక్క కన్నం పని. ఇంజిను బోల్టులు కూడా ఈ నలుపులోనే పట్టు వదిలేశాయి. అందుకే పడవ వణికింది."

"అదేటి మరి, నా పడవలకి వందల మేకులు కొట్టినాను. ఒక్కటీ కుళ్ళనేదు."

"నీ పడవ కర్ర తడుస్తుంది, ఒడ్డుకి లాగితే ఆరుతుంది. తడిస్తే ఉబ్బి మేకుని తనే బిగించుకుంటుంది. ఈ కర్రకి మనం చొక్కా తొడిగి కుట్టేశాం కదా తాతా. లోపలికి పోయిన నీళ్ళకి బయటికి దారి లేదు. రెండేళ్ళో మూడేళ్ళో, అంతే."

మావయ్య ఆ ముక్కని చేతిలో తిప్పి తిప్పి చూశాడు. "నిజమే సుమీ" అన్నాడు. ఆయన నోట ఆ మాట నేను అయిదేళ్ళలో వినలేదు.

నా చేతిలో టీ గ్లాసుల పళ్ళెం. ఎవరికీ ఇవ్వలేదు. పళ్ళెం కింద పెట్టేశాను.

రెండేళ్ళో మూడేళ్ళో. అప్పటికి మిగతా రెండు పడవలూ వచ్చి వెళ్ళి ఉంటాయి. ఈ పడవ మళ్ళీ వణుకుతుంది. శివరామ్ బాబు పదిమందిలో అంటాడు, మార్కండి వాడికిచ్చి చెడగొట్టుకున్నానని. బోటు మేస్త్రీ అనిపించుకోవాలన్న మనిషిని తెప్పలోడు అని కూడా అనరు. పైగా దాని వెనక తాడు పట్టుకుని ఎవరో ఒకరి పిల్లలు ఉంటారు. ఇంజిను పట్టు తప్పితే? అమ్మడే ఆ తాడు పట్టుకున్నట్టు కనపడింది నాకు.

చెప్పాలి. చెప్పాలంటే ఈయనకి చెప్పాలి, మావయ్యకి చెప్పాలి. వాళ్ళతో బాధ లేదు, తిడతారు, పడతాను. ఆమె ముందర చెప్పాలి. చదువులేనిది, అసూయతో మొగుడి పని పాడుచేసింది అని ఆమె మనసులో అనుకుంటుంది. అనుకోకపోయినా అనుకున్నట్టే.

ఈయన బకెట్లో రెజిన్ పోశాడు, పొడి కలిపాడు. సస్మిత హార్డెనర్ సీసా కొలిచి అందించింది. అది పడ్డాక ఇరవై నిమిషాలే టైము, తరవాత రాయి అయిపోతుంది. ఈయన గబగబా కలుపుతున్నాడు. గరిటె ఎత్తి మొదటి ముద్ద దూలం మీద పెట్టబోయాడు.

"ఆగు" అన్నాను.

ఎవరూ వినలేదు.

"ఆగయ్యా! మేకు కొట్టీసినాను."

ఈయన గరిటె గాల్లోనే ఆగింది. "ఏటి కొట్టీసినావు?"

"అత్త మేకు. నిన్న మద్దినేళ. మీరు బరంపురం ఎల్నప్పుడు."

రెజిన్ ముద్ద గరిటె నుంచి జారి ఈయన కాలి మీద పడింది. అప్పుడు అరిచాడు.

"నీకు బుద్ధుందేటే? సెప్పినాను కదా అడగాలని! నెలరోజుల పని! ఇంకో పావుగంటయితే మూసీసుందుము! ఎవులు సెప్పినారు నీకు?"

"మీ అమ్మ సెప్పినాది" అన్నాను. ఏడుపు వస్తోంది, కానీ ఆమె ముందర ఏడవను.

అమ్మడు గోల విని వచ్చి నా కాళ్ళు పట్టుకుంది. మావయ్య కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు. "అరవకురా. మీయమ్మకి నానెప్పుడూ సెప్పనేదు, కర్ర మారితే మేకు మారాలని. నాకే తెల్దు." నా వైపు తిరిగి, "నువ్వూ అంతేనమ్మా. మేకు నలుగురెదరా కొట్టాల. దొంగసాటుగా కొడితే అది ఇల్లాలి మేకేటి, దొంగ మేకు" అన్నాడు.

సస్మిత ఒక్క మాటే అడిగింది. "ఎక్కడ?"

చూపించాను. పటకారు తెచ్చి మేకు మెల్లగా పీకింది, దారంతో సహా. దాన్ని పారేయకుండా నా చేతిలో పెట్టింది. "ఒకటేనా భావుజ?"

ముందర ఈయన, పక్కన మావయ్య, నన్నే చూస్తున్న ఆమె.

"ఒకటే" అన్నాను.

ఆ బకెట్లో రెజిన్ వేడెక్కి పొగలు కక్కి గట్టిపడిపోయింది. ఈయన దాన్ని తోటలోకి విసిరి, బీడీ ముట్టించుకోడానికి వెళ్ళాడు. మావయ్య అమ్మడిని ఎత్తుకుని వెనకాలే వెళ్ళాడు. సస్మిత ఆ కన్నాన్ని పెద్దగా తొలిచి, లోపల తడి లేదని చూసుకుని, రెజిన్ నింపి, పైన మ్యాట్ ముక్క పరిచింది. బ్రష్షుతో మెల్లగా అద్దుతోంది. గాలి బుడగ ఒక్కటి కూడా ఉండకుండా. దాని పక్కనే, జానెడు దూరంలో, నేను పసుపు కూరిన చోటు. ఆమె మోచెయ్యి దాని మీదే ఉంది. ఆమెకి తెలియలేదు.

తెలియదు కదా, ఉండనీ అనుకున్నాను. ఒకటి చెప్పాను, చాలదా? అక్కడ మేకు కూడా లేదు, వంగి బయటికి వచ్చేసింది. మేకు తిన్నగా కొట్టడం కూడా రాదు దీనికి అని ఆమె ఎదట ఒప్పుకోవాలా?

అప్పుడు ఇంకో సంగతి తట్టింది. మూడేళ్ళకి ఈ దూలం నల్లబడితే, ఈయన ఎవరిని పిలుస్తాడు? ఈమెనే. అడుగు కోసి తెరిచేది ఈమె. ఆ నలుపు వెంట వేలు పెట్టుకుంటూ వెళ్ళి, ఆఖరికి ఆ కన్నం మీద ఆగేది ఈమె వేలే. దాన్ని అడ్డంగా కోసి, చేతిలో పెట్టి, "ఇదంతా ఒక్క కన్నం పని భాయినా" అని ఈయనకి చూపిస్తుంది. అందులో పసుపు కూడా ఉంటుంది.

"ఇంకోటుంది" అన్నాను.

ఆమె బ్రష్షు ఆపింది.

"వంగిపోతే పీకీసినాను. పసుపు కూరినాను. నీ మోసెయ్యి కింద."

చెయ్యి తీసి చూసింది. గోరుతో గీకింది. పసుపు పొడిగా రాలింది. వాసన చూసింది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

"ఇది ఎవరికీ తెలిసేది కాదు. ఎందుకు చెప్పావు?"

"నీకు తెలిసేది. ఎప్పుడో ఒకనాడు. నా తప్పు నువ్వు పట్టుకోడం నాకొద్దు."

ఆమె నా మొహం కేసి చాలాసేపు చూసింది. ఆ చూపులో జాలి ఉంటే చెంప పగలగొట్టేదాన్నే. జాలి లేదు. మెకానిక్కు ఇంజిను చప్పుడు వింటాడే, అలా చూసింది. తరవాత డ్రిల్లు నా చేతిలో పెట్టింది.

"నువ్వే తవ్వు. తెల్ల కర్ర వచ్చేదాకా. పసుపు ఒక్క రవ్వ మిగిలినా రెజిన్ పట్టదు."

డ్రిల్లు పక్కకి జారింది. ఆమె పట్టుకోలేదు, పక్కన నిలబడి "నేరుగా, నేరుగా" అంది. తెల్ల కర్ర వచ్చింది. రెజిన్ నేనే నింపాను, మ్యాట్ నేనే పరిచాను. "అక్కడ బుడగ" అంది. అద్దాను. "మళ్ళీ" అంది. మళ్ళీ అద్దాను. నా మాస్టారు ఒకాయన ఉండేవాడు, లెక్క తప్పితే ఇలాగే అనేవాడు, తిట్టకుండా, వదలకుండా.

"వంగిన మేకేది?" అంది చివర్లో. కొంగు ముడి విప్పి ఇచ్చాను. ఇంట్లో పెడితే ఈయన కంట పడుతుందని కొంగునే ఉంచుకున్నాను. ఆమె దాన్ని తన పనిముట్ల సంచిలో వేసుకుంది. ఈయన వస్తున్న అడుగుల చప్పుడు వినపడింది.

"ఒకటే కదా?" అన్నాడు ఈయన, ఇంకా కోపంగానే.

"హఁ భాయినా, మూసేశాం. పొర గట్టిపడ్డాక అడుగు వేసేద్దాం" అంది సస్మిత.

పది రోజులకి పడవ ఉప్పుటేట్లో దిగింది. మేమందరం వెళ్ళాం. శివరామ్ బాబు తనే తోలాడు. జోరు పెంచాడు, ఇంకా పెంచాడు, మలుపు తిప్పాడు. పడవ వణకలేదు. వెనక ఒక కుర్రాడు పలకల మీద లేచి నిలబడ్డాడు. అమ్మడు చప్పట్లు కొట్టింది. నేను ఆ కుర్రాడు ఒడ్డుకి వచ్చేదాకా తాడు మీదినుంచి కళ్ళు తీయలేదు.

"అడుగు గట్టిగా ఉందయ్యా ప్రకాష్. కన్నాలూ గిన్నాలూ లేవు కదా?" అన్నాడు శివరామ్ బాబు దిగుతూ.

ఈయనకి కోపం ఎప్పుడో పోయింది. ఇప్పుడది నవ్వులాటకి పనికొచ్చే కథ. "ఒక్కటుండేది బాబూ, మా ఇంటిది ఎట్టినాది. అదీ మూసీసినాం" అన్నాడు. అందరూ నవ్వారు. మావయ్య కూడా.

ఒక్కటి అన్నప్పుడు సస్మిత నా వైపు చూసింది. నేను వంగి అమ్మడి చెప్పు పట్టీ సరిచేశాను, అది సరిగానే ఉన్నా.

ఈయనకీ నాకూ మధ్య ఒక్క ముచ్చటైనా ఉండాలని, అది ఆమెకి తెలియకూడదని ఎన్ని రోజులు అనుకున్నానో. ఉంది ఇప్పుడు ముచ్చట. ఆమెకీ నాకూ మధ్య ఉంది, ఈయనకే తెలియదు. దానివల్ల ఆమె మీద నా మంట తగ్గిందా అంటే తగ్గలేదు. ఆమె ఎవరికీ చెప్పలేదన్నందుకు ఇంకొంచెం ఎక్కువైందేమో కూడా.

రెండో పడవ సోమవారం వస్తోంది. దానికి కూడా కర్ర దూలాలేనట, కుళ్ళిందో లేదో నాణెంతో కొట్టి చూడాలి. రెజిన్ తేవడానికి ఈయన బరంపురం బయల్దేరుతుంటే గుమ్మం దగ్గర ఆపాను.

"నాకూ ఒక మాస్కు తే."

"నీకెందుకే?"

"నాక్కావాల. రెండు పక్కలా గుండ్రటి డబ్బాలుంటాయి సూడు. ఆమెకి తెచ్చినలాటిదే."